మీరు పంపిన చీకటి మందు

ముమ్మిడివరం,
ఆగస్టు 2003.

మస్కట్‌లో ఉన్న మావారికి మీ వీరవేణి నమస్కరించి రాస్తున్నది. నా దస్తూరీ, తప్పులూ చూసి నవ్వకండి. అయిదో తరగతి చదువు ఇంతకంటే సాగదు. పావని, అత్తయ్యగారు క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. నా సంగతి కింద రాస్తాను.

పావని బడికి వెళుతోందా అన్నారు. ఏడవకుండా వెళుతోంది. వంటింటి పెంకులు సర్దించారా అన్నారు. సర్దించాం, ఇప్పుడు కారడం లేదు. మీతో అక్కడ పనిచేసే బంగార్రాజు గారు సెలవులో వచ్చి మీరు పంపిన మెలటోనిన్ మాత్రల సీసా ఇచ్చారు. వేసుకుంటే నిద్ర పడుతోందా అని మీరు అడిగారు. నాకు పడుతోంది. నా ఎడమ రొమ్ములో గడ్డకే పట్టడం లేదండి.

ఈ మాట కాగితం మీద పెట్టడానికే సిగ్గు, ఇక ఫోన్‌లో ఎలా చెప్పను? ఫోన్ బూత్ నడిపే చంద్రరావు గారు పక్కనే కూర్చుంటారు. అందుకే మొన్న మీరు ఫోన్‌లో ఏమన్నా ఊఁ కొట్టాను. అది ఒప్పుకోవడం అనుకున్నారు మీరు.

కాకినాడ డాక్టరమ్మగారు సూదితో తీసి పరీక్ష చేయించి, కాన్సరేనని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని చెప్పారు కదా. మీరేమో అక్కడ పేపర్లో చదివి, ఈ మందు రొమ్ము కాన్సర్ కణాలను పెరగనివ్వదట, చీకట్లో మన ఒంట్లోనే పుడుతుందట, కోయించుకోవద్దు అని రాశారు. అత్తయ్యగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. మర్నాడే నన్ను పావని పుట్టినప్పుడు పడుకున్న పురిటి గదిలో పెట్టి, కిటికీలకు గోనెసంచులు కట్టారు. వెనక రొయ్యల చెరువు లైట్లు కూడా పడకూడదట.

"పగలు కూడా ఎందుకండీ అత్తయ్యగారూ?" అన్నాను.

"రాత్రి చీకటికే అంత మందు పుడితే పగలు కూడా ఉంటే రెట్టింపు పుట్టదేంటే? వెలుగు తగలనివ్వకు. మావాడు ఊరికే రాస్తాడా?" అన్నారు.

ఆమె మీద నాకు కోపం లేదు. పురిటాలిని చూసినట్టే చూశారు, వేళకి అన్నం పెట్టారు. కోపం మీ మీదేనండి. పావని గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, నువ్వు మళ్ళీ పాపని కంటావా?" అని అడిగితే ఏం చెప్పను?

డాక్టరమ్మగారు మళ్ళీ రమ్మన్న రోజున ఆ గదిలోంచి బయటపడి, సీసా పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తిప్పి చూసి, "ఇది గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద పనిచేసింది నిజమేనమ్మా. మనుషుల్లో ఎంతవరకు పనికొస్తుందో ఇంకా చూస్తున్నారు. ఆపరేషన్‌కి బదులు ఇదని ఎవరూ అనలేదు. నువ్వు పళ్ళెంలో ఉన్నావా?" అన్నారు.

మీరు ఆ పేపరు సగమే చదివారు. అసలు కారణం మీ ఉత్తరం చివర ఉంది. "కోసేస్తే నేను వచ్చేసరికి నువ్వు నువ్వులా ఉండవు" అని. నేను అసలు ఉంటానా అని ఒక్క ముక్క అడగలేదేమండీ? గడ్డ నాది, నొప్పి నాది. మీకు మాత్రం చూసుకోవడానికి బాగుండాలా? పెళ్ళయ్యాక మీకు ఎదురు చెప్పినదాన్ని కాదు. ఇప్పుడు చెబుతున్నాను.

అంగన్‌వాడీ ఆయా సువార్తమ్మ గారు ఈ సంగతి విని ఇంటికి వచ్చారు. తలుపు దగ్గరికి వేసి, పమిట పక్కకి తీసి చూపించారు. ఒకవైపు చదునుగా ఉంది. "ఇది పోయి తొమ్మిదేళ్ళమ్మా. నేను పోలేదు కదా. మా ఆయన ఇప్పటికీ నాతో కూరలో ఉప్పు దగ్గర తగువాడతాడు" అని నవ్వారు. అప్పుడే గోనెసంచులు పీకేశాను.

ఇక చెప్పకుండా దాచింది చెబుతాను. మీరు బూత్‌కి ఫోన్ చేసి ఆపరేషన్‌కి సరే అన్నారని అత్తయ్యగారికి అబద్ధం చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "మావాడు చెబితే ఇంకేంటి" అని నాతో ఆసుపత్రిలో ఉండటానికి చీరలు సర్దుకుంటున్నారు. బుధవారం ఆపరేషన్. ఈ ఉత్తరం మీకు అందేసరికి ఆ రొమ్ము ఉండదు. నేను ఉంటానని డాక్టరమ్మగారు ధైర్యం చెప్పారు.

నెలాఖరున ఫోన్ చేసినప్పుడు అత్తయ్యగారు అడుగుతారు. అవును, నేనే సరే అన్నాను అని చెప్పండి. నా కోసం ఆ ఒక్క అబద్ధం ఆడండి. మీ గదిలో ఉండేవాళ్ళ కంట పడకముందే ఈ ఉత్తరం కాల్చేయండి.

ఇట్లు,
కోపంతోనే, మీ భార్య
వీరవేణి