కన్నిచ్చింది ఎవరు?

అల్ ఐన్, యు.ఎ.ఇ.,
ఆగస్టు 2023

జైబున్నీసాకు, అస్సలాము అలైకుమ్.

నువ్వూ, అమ్మా, బిడ్డ ఆఫ్రీనూ కులాసాగా ఉండారని తలుస్తాండా. ఈడ నా ఒళ్ళు బాగుంది. మనసు సంగతి కింద రాస్తా. ఫోన్లో చెప్పలేను, నువ్వు స్పీకర్ పెడతావు, ఇంటిల్లిపాదీ వింటారు.

అమ్మ మోకాళ్ళకు నువ్వుల నూనె కాచి రుద్దు. ఆఫ్రీన్‌ను వేరే బడికి మార్చాలా అని అడిగితివి. వద్దు, ఆ టీచరమ్మకు అలవాటు పడింది కదా. ఖర్జూరం కోతలు నడుస్తాండాయి, తోట మేనేజరు, ముదీర్, సెలవు లేదంటాండాడు.

వీడియో కాల్లో మొగం చూపీడంలేదని కదా నీ కోపం. చెప్తా, భయపడద్దు. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుని పోయిన నా ఎడమ కన్ను ఇప్పుడు కనపడతాంది.

పోయిన నెల సాయంత్రం అసర్ నమాజు వేళ నేనూ, నా రూములో ఉండే కరీంనగర్ దేవేందరూ తోటలో నీళ్ళు కడతాంటిమి. చెట్ల పైన ఎండకన్నా తెల్లని వెలుగు వచ్చి నిలబడింది. సద్దు లేదు. కాలవలో నీళ్ళు పారకుండా నిలిచిపోయినాయి. నా కంటి మీద చల్లగా ఏదో తాకింది. నేను దువా చెయ్యలేదు జైబూ, ఏమీ అడగలేదు. వెలుగు పోయినాక రెండు కళ్ళతో చూస్తే దేవేందర్ బురదలో మోకాళ్ళ మీద ఉండాడు.

మాకు నమాజు చేయించే హబీబుల్లా చాచాకు చెప్పినాము. "మంచే జరిగింది కదా, పైవాడికి షుక్రియా చెప్పుకో" అన్నాడు.

దేవేందర్ ఒప్పుకోలేదు. "గది దేవుడు కాదు ఖాసిం భాయ్. వేరే లోకపోళ్ళు. మనకన్నా లచ్చ ఏండ్లు ముందున్నోళ్ళు ఏం జేసినా మనకు దేవుడు జేసినట్టే ఉంటది."

"మరి తేడా ఎట్ల తెలిసేది?"

"తెల్వది. గందుకే నాకు బుగులైతాంది" అన్నాడు. ఆ రోజే పరుపు చుట్టుకుని వేరే రూముకు పోయినాడు.

నమాజులో నేలకు నుదురు ఆనించి సజ్దాకు వంగితే ఆ వెలుగే కళ్ళ ముందు మెదులుతాంది. ఎవరికి వంగుతాండానో నాకే తెలీడంలేదు.

నిన్న అది మళ్ళా వచ్చింది. నేను ఒక్కణ్ణే ఉండా. "నువ్వు ఎవరు?" అని అరిచినా. "నువ్వు ఆయనవైతే నా భయం నీకు తెలుసు. కాకుంటే నువ్విచ్చిన కన్ను నువ్వే తీసుకుని పో!"

అది శానాసేపు నా నెత్తిమీదనే నిలబడి, తర్వాత మాయమైపోయింది. కన్ను తీసుకోలేదు. కనికరించి తీసుకోలేదో, నా మాట అర్థం కాక తీసుకోలేదో.

ముదీర్ కాళ్ళు పట్టుకునైనా వచ్చేస్తా. ఈ సంగతి ఎవరికీ చెప్పద్దు, నన్ను కూర్చోబెట్టి దర్గా కట్టేస్తారు. నేను రాగానే, పలకరించేదానికి ముందే, నా ఎడమ కంట్లోకి చూడు. అందులోంచి నిన్ను చూసేది నేనేనా, ఇంకెవరైనానా, నిజం చెప్పు.

ఇట్లు,
నీ ఇంటాయన
ఖాసిం