ఎర్రదారం బీడీ

నందవరం దగ్గర, ఆదివారం.

మేనకోడలు నందినికి మామ ఉరుకుందప్ప దీవెనలు.

మంగళవారం మన పొట్టేలు పోయింది. దొడ్డి వాకిట్లో సగం తాగి ఆర్పిన ఎర్రదారం బీడీ ముక్క దొరికింది. ఎంగిలిని బట్టి మనిషిని పట్టే పరీక్ష మీ ల్యాబులో ఉందన్నావు కదా, ముక్కను వేరే కవర్లో పెట్టి పంపుతున్నాను. నా అనుమానం పక్కింటి బసవన్న మీద. ముప్పై ఏళ్ల స్నేహం. అయినా ముక్క చూపించి, నిజం తేలేదాకా నాతో మాట్లాడొద్దని చెప్పేశాను.

తా.క. ముక్క పెట్టిన కవరు అంటలేదు. నాలుకతో తడిపి అంటించాను.

*

కర్నూలు, గురువారం.

మామకు నమస్కారం.

ముక్క ఉన్న కవరు తెరవకుండా తిప్పి పంపుతున్నాను. పోలీసులు సీలు వేసి పంపితేనే మేం ముట్టుకుంటాం. డీఎన్ఏ దానంతట అది పేరు చెప్పదు. అనుమానం ఉన్నవాళ్ల నమూనాతోనో, డేటాబేసులో ముందే ఉన్నవాటితోనో పోల్చాలి.

నీ నందిని.

తా.క. బసవన్న మామతో మాట్లాడు.

*

నందవరం దగ్గర, బుధవారం.

నందినికి,

పోల్చడానికి నమూనాలు కావాలన్నావు. మూడు రోజులు టీ అంగడి ముందు కూర్చుని, మగవాళ్లు పారేసిన బీడీ ముక్కలు ఏరి, పొట్లాలు కట్టి, పేర్లు రాశాను. నలభై ఒకటి. "మా ముక్కలు నీకేంటికప్పా?" అని ఉచ్చీరప్ప అడిగాడు. కర్నూలుకు పోతాయన్నాను. ఆ పూట నుంచి బీడీ మానేశాడు. ఆయన భార్య నీకు జొన్నరొట్టెలు పంపుతానంది.

అన్నీ పచ్చదారం బీడీలే. బసవన్న తనే వచ్చి, తన ముక్క నా చేతిలో పెట్టి, దారం మీద వేలు పెట్టి చూపించి, పలక్కుండా పోయాడు. ఎంత పొగరో చూడు.

మామ.

తా.క. మన డేటాబేసు బియ్యం డబ్బాలో ఉంది. మీ అత్త భీమక్క వంట మానేసింది.

*

కర్నూలు, శనివారం.

మామా,

అవన్నీ పారేయి. చెప్పకుండా ఒకరి నమూనా తీయడం తప్పు. ఇంకో మాట. దొంగతనం జరిగిన ఇంట్లో మేం మొదట తీసేది ఆ ఇంటివాళ్ల నమూనా. నీది తీశావా?

నందిని.

తా.క. నీ చెవి మీద బీడీకి ఏ రంగు దారముందో చూసుకో.

*

నందవరం దగ్గర, మంగళవారం.

నందినికి,

చూసుకున్నాను. ఎర్రదే. ఆదోని నుంచి నేనొక్కణ్ణే తెప్పించుకుంటాను. సగం తాగి చెవి మీద పెట్టుకున్నది దొడ్డి కాడ జారినట్టుంది.

పొట్లాలు కర్నూలుకు పోతాయని ఎవరు బెదిరారో, పొట్టేలు నిన్న పొద్దున్నే దొడ్డిలో ఉంది. పక్కనే ఊళ్లో ఇదివరకు పోయిన రెండు మోటారు స్టార్టర్లు, ఒక మైకు. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరూ అడగడం లేదు.

బసవన్న ఇంటికి పోయి తప్పు ఒప్పుకున్నాను. "నాకు ఆ పొద్దే తెలుసు. నీ బీడీ నాకు తెలీదా?" అన్నాడు. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

మామ.

తా.క. "మాట్లాడొద్దంటివి గదప్పా" అన్నాడు.