బోల్టు మూసిన రైఫిల్

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఉంటే ఇవాళ రైఫిళ్ళు చూడ్డానికి మాతో వచ్చేదానివి. ఇక్కడ ఐర్లండ్‌లో, కార్క్ ఊరి శివార్లలో పొలాన్ని ఇళ్ళకి అమ్మేసిన ముసలి రైతొకాయన తన రైఫిళ్ళు కూడా అమ్ముతున్నాడు. సరదాగా డబ్బాలు కొట్టడానికి మా ఆయనకి తేలికపాటి పాయింట్ టూ టూ రైఫిల్ కావాలట. రైతు ప్రతిదాన్నీ గడియలాంటి బోల్టు తెరిచి, లోపల తూటా లేదని చూపించాకే చేతికిచ్చాడు. ఎన్‌సీసీలో నేర్చుకొచ్చి, చీపురుకట్టతో నువ్వు నాకు నేర్పిందీ అదే.

బరువైన చెక్కపిడి రైఫిల్ మా ఆయనకి నచ్చలేదు. తేలికదానితో నాలుగు డబ్బాలు పడగొట్టి, బోల్టు మూసి ఉండగానే నాకు అందించారు.

"పట్టుకో, నీ పుస్తకాలకంటే తేలిక!"

"బోల్టు తెరవండి."

"ఖాళీదేలేవే, కాన్వెంటు పిల్లా!"

నేనే తెరిచాను. పేలని తూటా ఒకటి ఎగిరి గడ్డిలో పడింది. రైతు ముఖంలో నవ్వు పోయింది. మా ఆయన మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"ఇదే తీసుకుందాం."

లైసెన్సు రాగానే అది ఇంటికొస్తుంది. కోట్లు తగిలించే అల్మారాలో చోటు చేయమని ఆయనంటే చేశాను. ఇక మా ఇంట్లో బోల్టు తెరిచి చూసేదాన్ని నేనొక్కదాన్నే, అక్కా. నేను మరిచిపోయే రోజు రాకూడదు.