కళ్లేనికి అంటిన ఘాటు

ఏమోయ్, నేను కులాసా. గుర్రం తన్నిందని ఎవరైనా చెబితే నమ్మకు.

నువ్వు పంపిన నొప్పుల మందు అందింది. ఆ మర్నాటి నుంచే, కళ్లెం చూపగానే నోరు తెరిచే తెల్ల గుర్రం నా చెయ్యి దగ్గరికొస్తే పళ్లు బిగిస్తోంది. నిన్న యజమాని స్వారీకి వచ్చి నిలబడ్డాడు. నీ తమ్ముడు “ఇటు జరుగు బావా” అంటూ నంగనాచిలా ఇంకో కళ్లెం తెచ్చి ఇట్టే తొడిగేశాడు. నా కళ్లెపు ఇనుముకి నాలిక ఆనిస్తే, ఆ మందు ఘాటే! డబ్బా ఎక్కడ పెడతానో వాడికొక్కడికే తెలుసు. నా పనికి ఎసరు పెడుతున్నాడు. నీకేమైనా రాశాడా? దాచకు.

పాప దగ్గు తగ్గిందా? మందు మరో డబ్బా పంపు. రోజూ పొద్దున్నే మోకాలికి రుద్దుకుని, ఆ చేత్తోనే కళ్లెం అందుకుని పనిలోకి దిగుతున్నాను.

నీ తమ్ముడికి దీవెనలు చెప్పమన్నావు. ముందు వాడి చేతులు వాసన చూడనీ.