అబద్ధపు పాకు

కుచింగ్

సులావ్ పిన్నికి,

నువ్వే గెలిచావు. ముందు ఈ మాట రాశాకే మిగతా కబుర్లు.

కపిట్ సంతలో నా బుట్టలోంచి ఒక ఫెర్న్ కాడ తీసి, "ఇది మనం వండుకునే పాకు కూర కాదే పిచ్చిదానా, పాకు బులా. వట్టి అబద్ధపు పాకు. కాడ విరిచి లోపలి నార పోగులు లెక్కపెట్టు, అసలుదానికి రెండే ఉంటాయి" అన్నావు, గుర్తుందా? మా ప్రొఫెసర్ టియోంగ్ మాత్రం ఆకు అదే, ఆకు వెనక గీతలూ అవే కనక అది పాకు ప్రజాతేనని, నీ మాట పట్టుకుని వేరే అని రాసినందుకు మూడేళ్లు నా పరిశోధన పట్టా ఆపారు. "ఆకుకూరలమ్మే ఆవిడ మాట మీద శాస్త్రం నడుస్తుందా అమ్మాయ్?" అని నవ్వారు కూడా.

నిన్న పరీక్షకుల ముందు ఆయన చేతికే కాడ ఇచ్చి విరవమన్నాను. ఐదు పోగులు. ఇంకోటి విరిచారు, ఐదే. పదకొండు విరిచాక కళ్లజోడు తీసి, "మీ పిన్నికి ఇంకా ఏమేం తెలుసో కనుక్కో" అన్నారు.

అది వేరే ప్రజాతేనని అందరూ ఒప్పుకున్నారు. పేరు పెట్టే వంతు నాది. మన 'బులా' మాటకే లాటిన్ తోక తగిలించాను. ఇక లోకంలో పండితులంతా దాన్ని అబద్ధమనే పిలవాలి. అదే నిజం.

నీ అక్క కూతురు