అమ్మ కోటు ఎడమ భుజం

పిన్నీ,

నువ్విచ్చిన కుట్టుమిషన్ చక్కగా నడుస్తోంది. ఇప్పటికి రెండు స్కర్టులు, ఒక చొక్కా కుట్టుకున్నాను. ఆఫీసులో మా పక్క సీటావిడ, "ఏ షాపులో కొన్నావో చెప్పవా?" అని వెంటపడింది. నేనే కుట్టానంటే ఓ పట్టాన నమ్మలేదు.

ఆ ధైర్యంతోనే కోటు మొదలుపెట్టాను. ఎలా కత్తిరించాలో తెలియక, అమ్మ పోయాక బీరువాలో ఉండిపోయిన నీలం కోటు కుట్లు విప్పాను. కోప్పడకు. కుడి భుజం లోపల ఒక్క పొర గుడ్డే ఉంది. ఎడమ భుజంలో నాలుగు పొరలు, చేత్తో వేసిన సన్నటి కుట్లతో! వింతగా అనిపించి, మళ్ళీ టాకాలు వేసి తొడుక్కుని చూశాను. నా ఎడమ భుజం కాస్త కుంగి ఉంటుందని నీకు తెలుసుగా, కొన్న బట్టలేవీ నాకు సరిగ్గా అమరవు. ఈ కోటు మాత్రం అతికినట్టు సరిపోయింది.

అంటే అమ్మ భుజమూ ఇంతేనా? "సరిగ్గా నిలబడవే!" అని నన్ను రోజుకు పదిసార్లు అనేది కానీ తన సంగతి ఒక్కసారీ చెప్పలేదు. నీకు తెలుసా? ఆ పొరలు తనే వేసుకుందా, నువ్వు వేసిచ్చావా?

నా కోటుకు నేను పొరలు వేయలేదు. ఎడమ భుజం అరంగుళం కిందికి కత్తిరించాను. భుజం ఎలా ఉందో అలాగే కనిపిస్తోంది, గుడ్డ మాత్రం ఎక్కడా ముడత పడలేదు. రేపు అదే వేసుకుని ఆఫీసుకు వెళ్తున్నాను.

నువ్వూ ఒకసారి అద్దం ముందు నిలబడి, నీ భుజాలు ఎలా ఉన్నాయో చూసి రాయి పిన్నీ. దాచకుండా రాయి.

నీ అక్క కూతురు