మా కాలనీ ఆమె

మన్సూరాబాద్,
ఆదివారం.

నాకు రోజూ జడలు వేసి బడికి పంపిన చిన్నమ్మకు,

నీ సంధ్య నమస్కారాలు. పదకొండుసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. మీర్‌పేట్‌లో నీ గది దాకా రెండుసార్లు వచ్చి, గల్లీ మొదట్లోంచే తిరిగి వెళ్ళిపోయాను. ఎదురుగా నిలబడే మొహం లేక ఈ ఉత్తరం రాసి పక్కింటి అబ్బాయి చేత పంపుతున్నాను, జవాబు ఉంటే అతనికే ఇవ్వు. నీకు చదవడం రాదు, ఎవరితోనైనా చదివించుకుంటావు. ఎవరు చదివినా సరే, పైకే చదవమను. నేను చేసింది ఇంకొకరి చెవిన కూడా పడాల్సిందే.

కౌన్సెలింగ్ చదివేవాళ్ళు రెండో ఏడాదిలో ఎక్కడైనా రెండు నెలలు పని నేర్చుకోవాలని నీకు చెప్పాను కదా. మా నలుగురికీ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ అమ్మాయిల హాస్టల్ ఇచ్చారు. అది నువ్వు వండే హాస్టలే అని తెలియగానే నాకు సంతోషం వేయలేదు చిన్నమ్మా, భయం వేసింది. మొదటి రోజు నువ్వు వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, "ఏందే సంధ్యా, గిట్లొచ్చినవ్? తిన్నవా?" అన్నావు. పక్కనున్న స్నేహితురాలు ఎవరని అడిగింది. "మా కాలనీ ఆమె" అన్నాను. నువ్వు విన్నావు. భుజం మీద చెయ్యి తీసేశావు. మర్నాటి నుంచి "మేడం, చాయ్" అని అందరితో పాటే నా ముందూ కప్పు పెట్టావు. అలా పిలవకు అని చెబుదామని రోజూ అనుకునేదాన్ని. చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నువ్వు అలా పిలుస్తుంటే నాకు నిశ్చింతగానే ఉండేది. అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

ఇక రెండో తప్పు. మూడువందల రెండో గది అమ్మాయి నా వంతుకు వచ్చింది. గ్రూప్స్‌కి చదువుతోంది, కోస్తా వైపు పిల్ల. చిక్కిపోయి ఉండేది. మాకు నేర్పినట్టే కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు తిప్పి వేశాను, గొంతు తగ్గించి మాట్లాడాను, తల ఊపాను. నాలుగు వారాలు "బానే ఉన్నానండీ" తప్ప ఇంకో మాట రాలేదు ఆ పిల్ల నోట. ఒక మధ్యాహ్నం మంచినీళ్ళకని వంటింటి వైపు వస్తే, అదే అమ్మాయి నీ ఎదురుగా పీట మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తూ చెబుతోంది. నువ్వు తలెత్తకుండా చిక్కుడుకాయలు తుంచుతున్నావు. నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా పుస్తకాలతో కుస్తీ పడుతున్నది నేను, ఏడుపు నీ దగ్గరా! కుళ్ళుకున్నాను చిన్నమ్మా. దానికి ఇంకో పేరు పెట్టను.

ఆ కుళ్ళుతోనే చివరి రిపోర్టు రాశాను. "302 గది అమ్మాయి సమస్యలను వంటమనిషితో చెప్పుకుంటోంది. శిక్షణ లేని వ్యక్తి సలహాల వల్ల కౌన్సెలింగ్‌కు ఆటంకం కలుగుతోంది. యాజమాన్యం గమనించాలి." మా ప్రసన్నకుమార్ సార్ బాగుందన్నారు కూడా. ఆ రిపోర్టు ఒక కాపీ హాస్టల్‌కు ఇవ్వడం మామూలు. ఇచ్చాను. పది రోజుల తర్వాత సంతకాల కోసం వెళితే వంటింట్లో ఎవరో కొత్తామె ఉంది. "పెంటమ్మను తీసేశాం" అంది మేనేజర్ ఉదయలక్ష్మి, నేను మెచ్చుకుంటానన్నట్టు నా వైపు చూస్తూ. అప్పుడైనా ఆమె మా చిన్నమ్మ అని నోరు తెరవలేదు. సంతకాలు పెట్టించుకుని బయటపడ్డాను.

తొమ్మిదేళ్ళు వండిన వంటిల్లు నీకు లేకుండా చేశాను. వినడం నేర్చుకోవడానికి వెళ్ళి, నేను చేసిన పని ఇది. ఈ చదువు నాకు తగదు. మంగళవారం వెళ్ళి పేరు తీసేయించుకుంటాను. నువ్వు తిడితే పడతాను. ఫోన్ ఎత్తి తిట్టు చాలు.

నీ
సంధ్యారాణి


ఎల్బీనగర్,
సోమవారం.

సంధ్యారాణి గారికి,

ఈ ఉత్తరం రాస్తున్న చెయ్యి నాది, మాటలు పెంటమ్మ ఆంటీవి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు. మీ ఉత్తరం చదివి వినిపించింది కూడా నేనే. నేను మూడువందల రెండో గది అమ్మాయిని. పేరు అలేఖ్య. మీరు పైకే చదవమన్నారు కదా, చదివానండి. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. నేను హాస్టల్ మారి ఇక్కడికొచ్చాను, ఆదివారాలు ఆంటీ దగ్గర తింటున్నాను. ఇక ఆవిడ మాటలు.

సంధ్యా, నీ కాగితం అందింది. నేను మంచిగనే ఉన్న. ఎల్బీనగర్ల ఒక కర్రీ పాయింట్ల వండుతున్న. పరేషాన్ గాకు.

నీ రిపోర్టు జూసి నన్ను తీసేసిర్రనుకుంటున్నవ్. గట్ల గాదు. మేనేజరమ్మ నన్ను పిలిచి, గా పిల్ల ఏం చెప్పింది, వాళ్ళ నాయినకు ఫోన్ జెయ్యాలె, చెప్పు అన్నది. నాకెరుక లేదన్న. చెప్తే ఉండు, లేకుంటే పో అన్నది. గరిటె ఆడనే వెట్టి ఒచ్చిన. ఏడ్చుకుంట చెప్పిన మాట ఇంకోళ్ళకు ఎట్ల చెప్తరే? గది నీ పుస్తకాలల్ల లేదా? ఉండే ఉంటది.

నేను సలహాలు ఇచ్చిన అని రాసినవంట. నేనేం సలహా ఇయ్యలే. ఎల్లిగడ్డ ఇచ్చి ఒలువమన్న. చేతికి పని ఉంటే నోట్ల మాట దానంతటదే ఒస్తది. నువ్వు తొమ్మిదో తరగతిల ఫెయిలైనప్పుడు గూడ గంతే చేసిన, యాదికున్నదా?

(ఇక్కడ నా మాట ఒకటి కలపనివ్వండి. నేను నాలుగు నెలలుగా కోచింగ్ మానేసి, పొద్దున్నే బ్యాగు తగిలించుకుని మెట్రో స్టేషన్‌లో కూర్చుని సాయంత్రానికి వచ్చేదాన్ని. ఆవిడతో చెప్పింది అదేనండి. మా నాన్నగారికి మొన్న నేనే చెప్పాను. - అలేఖ్య)

చదువు ఇడుస్తా అంటున్నవ్. నువ్వు ఇడిస్తే నా తొమ్మిదేండ్లు తిరిగి ఒస్తయా? సిగ్గైందని పారిపోతే గది కూడ నీ కోసమే చేసుకున్నట్టు. మంగళవారం పో. పేరు తీపిచ్చుకునేటందుకు గాదు. గా సారు ముంగట, నీ దోస్తుల ముంగట నిలవడి, గా వంటమనిషి ఎవరో చెప్పు. గది చెప్పినంక ఇంటికి రా, అన్నం వెడత. తిట్ల సంగతి గప్పుడు జూద్దాం.

నన్ను వంటమనిషి అన్నందుకు నాకేం బాధ లేదు బిడ్డా. నేను వంటమనిషినే. గా మొదటి దినం నీ భుజం మీదికెల్లి చెయ్యి తీసుకున్న జూడు, గా చెయ్యే ఇంకా నొస్తుంది.

కింద ఏమని రాయాలి, చిన్నమ్మ అని రాయనా అని ఈ పిల్ల అడుగుతుంది. వద్దన్న. నువ్వు చెప్పి ఒచ్చేదాక,

మీ కాలనీ ఆమె,
పెంటమ్మ